రాళ్ళ నేల పొదుపు

పోయిన దసరా సెలవుల్లో మా అత్తమ్మను తీసుకొని హైదరాబాద్ వెళ్ళాం. మా అమ్మాయి చదువుకోవడానికి ఒక చిన్న బల్ల కావాలని చాలా రోజులుగా అడుగుతోంది. తనే పట్టుబట్టి మమ్మల్ని హైటెక్ సిటీలోని ఐకియా షాపుకు తీసుకెళ్ళింది. కొనాల్సింది ఒక్క బల్లే. కానీ ఆ షాపులో దారి ఒక వంటింట్లోంచి ఇంకో పడకగదిలోకి, అక్కడి నుంచి మరో హాల్లోకి తిప్పుతూనే ఉంటుంది. మూడు గంటలు ఎలా గడిచాయో తెలియలేదు.

మా అత్తమ్మ ప్రతి వస్తువునూ చేత్తో తడిమి చూసింది. గరిటె మొన, డబ్బా మూత, బొంత అంచు, కుర్చీ కాలు, దేన్నీ వదల్లేదు. "ఎంతనో చదువు బిడ్డా" అని నాతో ధర చదివించుకొని, "అంగట్ల ఇంతకు తక్కువకే వస్తది" అనో, "ఇది పర్వాలేదు" అనో తీర్పు చెప్పి ముందుకు నడిచేది. ఆమె లెక్క ఆమెకు ఉంది కదా అని నవ్వుకున్నాను. ఆ తడమడం గురించి చివర్లో మళ్ళీ చెప్తాను.

ఆఖరికి గోదాముకు చేరాం. మనకు కావలసిన అట్టపెట్టెను అరలోంచి మనమే దింపుకోవాలి. ట్రాలీలో పెట్టుకొని, బిల్లు కట్టి, బండి దాకా మనమే తోసుకుపోవాలి. ఇంటికొచ్చాక స్క్రూలు మనమే బిగించుకోవాలి. వద్దనుకుంటే ఇంటికి పంపిస్తారు, బిగించే మనుషులూ వస్తారు. కానీ దానికి డబ్బు వేరే. మావారు పెట్టె మోస్తుంటే అత్తమ్మ నన్నడిగింది. "గీ దుకాణం పెట్టినాయన ఎవరు బిడ్డా? మస్తు పిసినారి ఉన్నట్టున్నడు. మనతోనే మోపిస్తున్నడు, మనతోనే బిగిపిస్తున్నడు, పైసలు మటుకు తను తీసుకుంటున్నడు!"

అప్పటికి నవ్వేశాను. కానీ ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. ఇంటికొచ్చాక ఆయన గురించి దొరికినదల్లా చదివాను. వారం రోజులు రాత్రి అన్నాలయ్యాక అత్తమ్మకు కొంచెం కొంచెంగా చెప్పాను. ఆమె మధ్యమధ్యలో అడిగిన ప్రశ్నలతో కలిపి మీకూ చెప్తున్నాను.

ఆయన పేరు ఇంగ్వార్ కాంప్రాడ్. 1926 మార్చి 30న స్వీడన్ దక్షిణ భాగంలో స్మోలాండ్ అనే ప్రాంతంలో పుట్టాడు. స్వీడన్ అనగానే మనకు డబ్బున్న దేశమే గుర్తొస్తుంది. ఆ రోజుల్లో స్మోలాండ్ అలాంటిది కాదు. అడవి, చలి, సారం లేని నేల, ఎక్కడ గునపం వేసినా రాయి. రైతులు తరతరాలుగా పొలంలో రాళ్ళు ఏరి గట్ల మీద గోడలుగా పేర్చారు. ఆ రాతి గోడలు ఇప్పటికీ ఉన్నాయట. బతకలేక ఊళ్ళకు ఊళ్ళే అమెరికాకు ఓడ ఎక్కాయి. పంతొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి 1930 దాకా స్వీడన్ నుంచి దాదాపు 13 లక్షల మంది వలస పోతే, ఎక్కువ మంది పోయిన ప్రాంతాల్లో స్మోలాండ్ ఒకటి.

ఇంతవరకు చెప్పేసరికి అత్తమ్మ, "అయితే మన పాలమూరే కదనే!" అన్నది.

అవును. మాది జడ్చర్ల దగ్గర ఊరు. మా పుట్టింటివాళ్ళది నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు. రెండు చోట్లా గుట్టలు, గుండ్లు, ఆకాశం వైపు చూసే చెలకలే. పాలమూరు లేబర్ అంటే ఒకప్పుడు దేశమంతా తెలుసు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని, పిల్లల్ని ముసలోళ్ళ దగ్గర వదిలి, ఎక్కడ ఆనకట్ట కడితే అక్కడికి, ఎక్కడ కాలువ తవ్వితే అక్కడికి పోయేవాళ్ళు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ రాతి కట్టడం. ఆ రాళ్ళు మోసిన తట్టల్లో మా అమ్మమ్మ తట్ట కూడా ఒకటి. మా మామయ్య కూడా మేస్త్రీ వెంట ఏళ్ళ తరబడి తిరిగినవాడే. ఆయన లేని ఆ ఏళ్ళన్నీ రెండెకరాల చెలకనూ, నలుగురు పిల్లల్నీ అత్తమ్మే నెట్టుకొచ్చింది.

కాంప్రాడ్ ఇంట్లో కూడా నెట్టుకొచ్చింది ఒక ఆడమనిషే. వాళ్ళ తాత అకిమ్, నాయనమ్మ ఫ్రాన్సిస్కా 1896లో జర్మనీ నుంచి వచ్చి, అగున్నారిడ్ అనే ఊరి దగ్గర ఎల్మ్‌టారిడ్ పొలం కొన్నారు. కొద్ది కాలానికే అప్పుల్లో కూరుకుపోయారు. బ్యాంకు అప్పు ఇవ్వనన్నది. తాత ప్రాణం తీసుకున్నాడు. భాష సరిగా రాని దేశంలో, చిన్న పిల్లలతో, అప్పున్న పొలంతో ఫ్రాన్సిస్కా ఒక్కతే మిగిలింది. అయినా ఆమె పొలం వదల్లేదు. నిలబెట్టింది. ఆమె కొడుకు ఫియోడోర్, అతని కొడుకు మన కాంప్రాడ్. ఆ పొలం పేరు, ఆ ఊరి పేరు తర్వాత ఎక్కడ చేరాయో చెప్తాను.

రైతు అప్పు, పురుగుమందు డబ్బా, వెనక మిగిలిన ఆడమనిషి. ఈ కథ మన జిల్లాల్లో ఎవరికీ కొత్త కాదు. అత్తమ్మ ఆ రోజు ఇంకేమీ అడగలేదు.

కాంప్రాడ్ తల్లి బెర్టా వాళ్ళది దగ్గరలోని ఆల్మ్‌హుల్ట్‌లో పేరున్న దుకాణం. అటు నుంచి బేరం, ఇటు నుంచి మొండితనం వచ్చాయి కాబోలు. అయిదేళ్ళ వయసులోనే వ్యాపారం మొదలుపెట్టాడు. వాళ్ళ అత్త సాయంతో స్టాక్‌హోమ్ నుంచి 100 అగ్గిపెట్టెలు ఒకేసారి తెప్పించాడు. మొత్తం 88 ఓరెలు. ఓరె అంటే మన పైసా లాంటిది. ఒక్కో అగ్గిపెట్టెను రెండు మూడు ఓరెలకు, ఒక్కోసారి అయిదుకు ఊళ్ళో అమ్మాడు. గంపగుత్తగా కొంటే చవక, విడిగా అమ్మితే లాభం అని మనకు సంతలో బేరం చేసే వయసులో తెలిసింది అతనికి పలక పట్టే వయసులో తెలిసింది. తర్వాత పండగ కార్డులు, చేపలు, తోట విత్తనాలు అమ్మాడు. విత్తనాల లాభంతో సైకిలు, టైపు మిషన్ కొనుక్కున్నాడు.

బడిలో మాత్రం అక్షరాలు, అంకెలు తారుమారయ్యేవి. డిస్లెక్సియా. ఇప్పుడైతే టీచర్లు గుర్తుపడుతున్నారు. అప్పుడు అది మొద్దుతనమే. అయినా చదువు బాగా చేశాడని 1943లో తండ్రి కొంత డబ్బు బహుమతిగా ఇస్తే, 17 ఏళ్ళ వయసులో ఆ డబ్బుతో కంపెనీ పెట్టాడు. తన పేరులోని ఇంగ్వార్, కాంప్రాడ్, పొలం పేరు ఎల్మ్‌టారిడ్, ఊరి పేరు అగున్నారిడ్, ఈ నాలుగింటి మొదటి అక్షరాలు కలిపితే వచ్చిందే ఐకియా. అంటే ఆ నీలం షాపు మీద పసుపు అక్షరాల్లో సగం నాయనమ్మ కాపాడిన పొలానిది, దాని ఊరిది. నాకు ఆ సంగతి తెలిసిన తర్వాత ఆ బోర్డు వేరేగా కనబడుతోంది.

మొదట్లో అమ్మింది కలాలు, పర్సులు, పటాల ఫ్రేములు, గడియారాలు, మేజోళ్ళు. పోస్టులో ఆర్డరు వస్తే, పొద్దున్నే పాలు తీసుకెళ్ళే బండిలో పార్శిల్ వేసి రైల్వే స్టేషన్‌కు పంపేవాడు. ఎలాగూ పోయే బండే కదా! మనం ఊరి బస్సు డ్రైవరు చేతికి సద్ది, పచ్చడి డబ్బా ఇచ్చి పిల్లల హాస్టల్‌కు పంపినట్టు.

ఫర్నిచర్ 1948లో మొదలైంది. మొట్టమొదటి వాటిలో ఒకటి చేతులు లేని చిన్న కుర్చీ. బిడ్డకు పాలిచ్చే తల్లి మోచేతులకు అడ్డు లేకుండా కూర్చునే కుర్చీ అది. వస్తువుల నంబర్లు గుర్తుండవు కనుక దానికి రూత్ అని ఆడపేరు పెట్టుకున్నాడు. ఆ షాపులో ప్రతి మంచానికీ బల్లకూ నోరు తిరగని ఒక పేరుంటుందే, ఆ అలవాటు మొదలైంది అక్కడే. తన లోపాన్ని దాచుకోకుండా దానికి తగ్గట్టు పద్ధతి మార్చుకున్నాడు. పిల్లలకు చదువు రావడం లేదని కుమిలిపోయే తల్లులు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు.

1951లో మొదటి కేటలాగు వేశాడు. అదే ఏడాది ఏప్రిల్ 18న అప్పటి మన నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావే భూమి అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చాడు. ఒకేసారి ప్రపంచంలో ఎన్ని రకాల లెక్కలు నడుస్తాయో అనిపించింది. ఒకచోట లేనివాడికి ఎలా పంచాలన్న లెక్క, ఇంకోచోట లేనివాడికి ఎలా అమ్మాలన్న లెక్క.

పోస్టులో వ్యాపారంతో ఒక చిక్కు వచ్చింది. పోటీ కంపెనీతో ధరల పందెం. ఇస్త్రీ బల్ల ఒకరు తగ్గిస్తే ఇంకొకరు ఇంకా తగ్గించడం. ధరతో పాటు నాణ్యత కూడా పడిపోయి, కొన్నవాళ్ళు తిట్టడం మొదలుపెట్టారు. అప్పుడు ఆలోచించి 1953లో ఆల్మ్‌హుల్ట్‌లో ఒక పాత వడ్రంగి కార్ఖానా కొని, వస్తువులన్నీ పరిచి పెట్టాడు. వచ్చి చూడండి, చేత్తో ముట్టుకోండి, చవకదానికీ మంచిదానికీ తేడా మీరే తేల్చుకోండి అన్నాడు. వచ్చినవాళ్ళకు కాఫీ, బన్ను పెట్టాడు. ఆకలి మీద ఉన్నవాళ్ళు బేరం చేయలేరని ఆయన నమ్మకం. ఇప్పుడు ఆ షాపుల్లో హోటలు ఉండడానికి మూలం ఆ బన్నే. పెళ్ళి బట్టలకు పోతే మన షాపులవాళ్ళు కూల్‌డ్రింకు తెప్పించరూ? అదే సూత్రం.

1956లో గిల్లిస్ లుండ్‌గ్రెన్ అనే ఉద్యోగి ఒక బల్లను కారులో పెట్టబోతే పట్టలేదు. కాళ్ళు ఊడదీస్తే పట్టింది. అంతే! ఆ రోజు నుంచి బల్లలూ బీరువాలూ విడి భాగాలుగా, పలచటి అట్టపెట్టెల్లో అమ్మొచ్చని తేలింది. బిగించిన బల్ల కింద ఖాళీ ఉంటుంది. లారీలో ఆ ఖాళీకి కూడా కిరాయి కట్టాలి. విడదీస్తే గాలికి కిరాయి ఉండదు, దారిలో విరగదు, గోదాములో చోటు మిగులుతుంది. బిగించే కూలీ కూడా ఉండదు, ఆ పని కొన్నవాళ్ళే చేసుకుంటారు కనుక. 1965లో స్టాక్‌హోమ్ దగ్గర పెద్ద షాపు తెరిస్తే జనం ఎగబడ్డారు. సామాను అందించలేక గోదాము తలుపులు తెరిచి, మీరే తీసుకోండి అన్నారు. అదే తర్వాత పద్ధతిగా మారింది.

"నేను చెప్పలే? మనతోనే మోపిస్తున్నడని!" అని అత్తమ్మ గెలిచినట్టు చూసింది.

అంత తేలిగ్గా నడవలేదు. ఇంత చవకగా అమ్మితే మేమేం కావాలని స్వీడన్ ఫర్నిచర్ వ్యాపారులంతా ఒక్కటయ్యారు. అతన్ని సంతల్లోకి, ప్రదర్శనల్లోకి రానివ్వలేదు. ఐకియాకు సరుకిస్తే మీ దగ్గర మేం కొనమని తయారీదారులను బెదిరించారు. దాంతో 1961లో పోలండ్ వెళ్ళాడు. అక్కడ అడవి ఉంది, వడ్రంగులున్నారు, ధర స్వీడన్ ధరలో సగం. వెలివేద్దామనుకున్నవాళ్ళే అతన్ని ఇంకా చవకగా అమ్మేలా చేశారు.

ఆయన సొంత పొదుపు కథలైతే మీరు వాట్సాప్‌లో చదివే ఉంటారు. లోకంలోని గొప్ప ధనవంతుల్లో ఒకడై కూడా విమానంలో మామూలు టికెట్టే, ఏళ్ళ తరబడి ఒకటే పాత వోల్వో కారు, ఒంటి మీద సెకండ్‌హ్యాండ్ సంతలో కొన్న బట్టలు. 1976లో తన ఉద్యోగులకు వీలునామా అని పేరు పెట్టి తొమ్మిది సూత్రాలు రాసిచ్చాడు. వస్తువును వృథా చేయడం పాపం అనేది అందులో ముఖ్యమైన మాట. ఇక్కడిదాకా చదివితే మన నాయనమ్మలందరూ గుర్తొస్తారు. బూడిదతో గిన్నెలు తోమి, చిరిగిన చీరలతో బొంత కుట్టి, ఆ బొంతకు కూడా పనికిరాని బట్టలు మూట కట్టి స్టీలు సామాన్లవాడికి వేసి సర్వ తీసుకున్నవాళ్ళే కదా మనవాళ్ళు!

కానీ చదివే కొద్దీ నాకు ఇంకో లెక్క కనబడింది. పొదుపు చేసినంత మాత్రాన ఖర్చు మాయమైపోదు. ఎక్కడో ఎవరి మీదనో పడుతుంది.

మొదట ఇంటి సంగతి. 1950లో కెర్స్టిన్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఒక ఆడపిల్లను దత్తత తీసుకున్నారు. పదేళ్ళకే విడాకులయ్యాయి. 1963లో మార్గరెటాను చేసుకున్నాడు. ముగ్గురు కొడుకులు. షాపులు దేశదేశాలకు పాకుతున్న ఆ ఏళ్ళలోనే వాళ్ళు పెరిగారు. పిల్లల బాల్యంలో తాను లేకపోయానని, అది మళ్ళీ తిరిగి రాదని పెద్దయ్యాక బాధపడ్డాడు. తాగుడు అలవాటు ఉందని కూడా తనే ఒప్పుకున్నాడు. ప్రతి చెక్కలో ఖాళీని లెక్కపెట్టినవాడు ఇంట్లో తన కుర్చీ ఖాళీగా ఉందని లెక్కపెట్టలేకపోయాడు. మా మామయ్య లేని ఏళ్ళు వేరు, ఆయన పొట్ట కోసం పోయాడు. కానీ గడప దగ్గర చూసే పిల్లలకు ఆ తేడా తెలుస్తుందా?

రెండోది ఇంకా పెద్ద మచ్చ. 1994లో స్వీడన్ పత్రిక ఒకటి బయటపెట్టింది. కుర్రతనంలో కాంప్రాడ్ పెర్ ఎంగ్డాల్ అనే ఫాసిస్టు నాయకుడి గుంపులో తిరిగాడని. ఆయన దాచలేదు. తన జీవితంలో అతి పెద్ద తప్పు అదేనని ఉద్యోగులకు ఉత్తరం రాసి క్షమాపణ అడిగాడు. 2011లో వచ్చిన ఒక పుస్తకం, 17 ఏళ్ళ వయసులో స్వీడన్ నాజీ పార్టీలో కూడా చేరినట్టు పోలీసు ఫైలు ఉందని చూపించింది. ఆ ఆలోచనలు ఇంట్లో నుంచే మొదలయ్యాయి. పొలం కాపాడిన ఆ నాయనమ్మే హిట్లర్ అభిమాని. అది చదివిన రోజు నాకు కష్టమనిపించింది. మనం దండం పెట్టాలనుకునే మనిషిలోనే విషం కూడా ఉండొచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళు అన్నం ముద్దలతో పాటు ఇంకేం తినిపిస్తున్నారో తల్లులు గమనించుకోవాలి. కులం మాట, మతం మాట కూడా అలాగే దిగుతుంది కదా పిల్లల్లోకి.

మూడోది, చవక ఎక్కడి నుంచి వచ్చిందన్నది. పన్నులు ఎక్కువని 1973లో స్వీడన్ వదిలి డెన్మార్క్, తర్వాత స్విట్జర్లాండ్ వెళ్ళిపోయాడు. తూర్పు జర్మనీలో సరుకు తయారుచేసే కొన్నిచోట్ల రాజకీయ ఖైదీలతో పని చేయించారని విచారణలో తేలి, 2012లో కంపెనీ విచారం ప్రకటించింది. 1990ల మధ్యలో టీవీలో పాకిస్తాన్ తివాచీ మగ్గాల ముందు కూర్చున్న పిల్లల్ని చూపించారు. ఐకియా ఒక్కటే కాదు, ఆ ప్రాంతం నుంచి కొనేవాళ్ళందరి చవకలో ఆ చిన్న వేళ్ళు ఉన్నాయి.

ఇక్కడ ఒక ఆడమనిషి కథ చెప్పాలి. అప్పుడు ఐకియాలో తివాచీల విభాగం చూసేది మరియాన్ బార్నర్. ఆమె ఆ ఒప్పందం రద్దు చేసి ఊరుకోలేదు. మన దేశానికీ, నేపాల్‌కూ వచ్చి చూసింది. పిల్లల్ని మగ్గం నుంచి లేపినంత మాత్రాన సరిపోదని ఆమెకు అర్థమైంది. ఇంట్లో అప్పు ఉన్నంతకాలం ఆ పిల్లలు ఇంకో పనికి పోతారు. అందుకే 2000లో యునిసెఫ్‌తో కలిసి తూర్పు ఉత్తరప్రదేశ్ తివాచీ ఊళ్ళలో పని మొదలుపెట్టారు. పిల్లలకు బడి, తల్లులకు స్వయం సహాయక సంఘాలు. తల్లి చేతిలో నాలుగు రూపాయలు పొదుపు ఉంటే వడ్డీ వ్యాపారి దగ్గర బిడ్డను తాకట్టు పెట్టదు. మన డ్వాక్రా సంఘాల్లో కూర్చున్నవాళ్ళకు ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

చూశారా, పొదుపు అన్న మాట ఒక్కటే. కార్ఖానాలో ఇంకా చవక ఇంకా చవక అంటే అది పిల్లవాడి వేళ్ళ మీద పడింది. అదే పొదుపు తల్లి చేతిలో సంఘం పుస్తకమైతే ఆ పిల్లవాణ్ణి బడికి పంపింది.

2011లో మార్గరెటా చనిపోయాక, 2014లో కాంప్రాడ్ స్వీడన్ తిరిగొచ్చాడు. 2018 జనవరి 27న, 91 ఏళ్ళ వయసులో, ఆ రాళ్ళ స్మోలాండ్‌లోనే కన్నుమూశాడు. మన దేశంలో తన షాపు చూడలేదు. ఒకే బ్రాండు సరుకు అమ్మే షాపుల్లో విదేశీ కంపెనీలు నూరు శాతం పెట్టుబడి పెట్టుకోవచ్చని 2012లో మన ప్రభుత్వం అనుమతించాక, ఐకియా దేశంలో తన మొదటి షాపుకు హైదరాబాద్‌ను ఎంచుకుంది. 2018 ఆగస్టు 9న తెరిచింది. ఆయన పోయి అప్పటికి ఏడు నెలలు కూడా కాలేదు. 13 ఎకరాల జాగా, 4 లక్షల చదరపు అడుగులు, దాదాపు 7,500 రకాల వస్తువులు. అందులో వెయ్యి రకాలు అప్పట్లో 200 రూపాయల లోపే ఉండేవి. తెరిచే ముందు వెయ్యి దాకా ఇళ్ళు తిరిగి, మనం ఎలా వండుతామో, ఎక్కడ కూర్చుంటామో చూశారు. మన ఆడవాళ్ళ ఎత్తుకు తగ్గట్టు వంటింటి గట్లను కొంచెం దించారు. ఇడ్లీ పాత్ర, మసాలా డబ్బా పెట్టారు. మన వంటింట్లో నిలబడి ఎవరో కొలత తీసుకున్నారన్నది నాకు నచ్చిన విషయం. ఇన్నేళ్ళుగా మన ఇళ్ళు కట్టిన మేస్త్రీలు ఎంతమంది, గట్టు ఎంత ఎత్తులో కట్టాలమ్మా అని మనల్ని అడిగారు?

ఇప్పుడు ఆ తడమడం సంగతి.

బల్ల ఇంటికొచ్చిన రెండో రోజు మావారూ అమ్మాయీ కింద కూర్చుని బిగిస్తున్నారు. ఒక పలక తలకిందులుగా పెట్టి, మళ్ళీ ఊడదీసి, నవ్వుకుంటున్నారు. ఒక స్క్రూ దొర్లుకుంటూ పోయి అత్తమ్మ కాలి దగ్గర ఆగింది. "నీ కాళ్ళ దగ్గరే ఉంది అత్తమ్మా, అందుకో" అన్నాను. ఆమె వంగి నేలంతా చేత్తో తడిమింది. స్క్రూ ఆమె వేలికి జానెడు దూరంలో మెరుస్తోంది. ఆమెకు కనబడలేదు.

అప్పుడు నాకు షాపు గుర్తొచ్చింది. ఆమె వస్తువులను తడిమింది నాణ్యత చూడడానికి కాదు. ధర నాతో చదివించింది లెక్క కోసం కాదు. నేను ఆమె తెలివి అనుకున్నది ఆమె చూపు పోవడం.

"ఎన్ని రోజులైంది?" అని అడిగితే చాలాసేపటికి చెప్పింది. "రెండేండ్లాయె. పొర వచ్చింది గావచ్చు. పిల్ల ఫీజు ఉండె, మీ ఇంటి అప్పు ఉండె. నాకోసం పైసలు ఖరాబు ఎందుకని ఊకున్న."

రెండేళ్ళు! ఆ రెండేళ్ళూ మా అత్తమ్మ ఎంత పొదుపో అని అందరికీ గొప్పగా చెప్పాను. రూపాయి అడగదు, తనకంటూ ఏమీ కొనదు అని. కాంప్రాడ్ కథలో ఖర్చు ఎవరి మీద పడిందని వారం రోజులు వెతికినదాన్ని. మా ఇంట్లో అది ఎవరి మీద పడుతోందో నాకు కనబడలేదు. పొర ఆమె కళ్ళకే కాదు.

మన ఇళ్ళలో పొదుపు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. అడుగంటిన కూర ఎవరు తింటారు? వచ్చే నెల చూద్దామని ఎవరి పన్ను నొప్పి, ఎవరి మోకాలి నొప్పి వాయిదా పడుతుంది? ఆయన బండి రిపేరు ఆగదు, పిల్లల ట్యూషన్ ఆగదు. ఆగేది మనదే. దానికి మనం పెట్టుకున్న పేరు పొదుపు. నా థైరాయిడ్ పరీక్ష ఎనిమిది నెలలుగా పప్పుల డబ్బాల వెనక చీటీగా పడి ఉంది. ఇది రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది.

అత్తమ్మకు సంక్రాంతి ముందు ఒక కన్నుకు, తర్వాత ఇంకో కన్నుకు ఆపరేషన్ అయింది. తేలిగ్గానే అయిపోయింది. అంత చిన్న పని కోసం రెండేళ్ళు గోడ పట్టుకు నడిచింది ఆమె. నా పరీక్ష కూడా చేయించుకున్నాను, మందు వేసుకుంటున్నాను. ఇంటి ఖర్చుల పుస్తకంలో ఇప్పుడు పాలు, కరెంటు, ఫీజు, గ్యాస్ కింద కొత్తగా రెండు గీతలు గీశాను. ఒకటి అత్తమ్మది, ఒకటి నాది. ఆ గీతల్లో నెలకు కొంత పడాల్సిందే. తగ్గించాలంటే వేరే ఎక్కడైనా తగ్గిస్తాం.

నల్ల కళ్ళద్దాలు తీసేశాక అత్తమ్మ చేసిన మొదటి పని ఆ బల్ల దగ్గర కూర్చోవడం. చుట్టూ తిరిగి చూసి, కింద వంగి చూసి, నన్ను పిలిచింది. "ఓ పిల్లా, గీడ స్క్రూ సక్కగ బిగియలే, ఊగుతున్నది. మీ ఆయనకు చెప్పు" అన్నది.

నేనే బిగించాను. మీరు కూడా ఈ నెల ఖర్చుల పుస్తకం తీసి చూడండి. మీ ఇంట్లో పొదుపు ఎవరి మీద పడుతోంది?